పోయినవాడి సంపాదన

లారీ కింద మనిషి పడ్డాడంటే ఆ రోజుల్లో శవం ఇంటికి చేరకముందే బేరం మొదలయ్యేది. హైదరాబాదు రోడ్డు ఇప్పటిలా నాలుగు వరసలు కాదు. ఎదురెదురుగా రెండు లారీలొస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. పక్కనే ఎడ్లబండ్లు, సైకిళ్ళు, నెత్తిన గడ్డిమోపులతో ఆడవాళ్ళు. మన నందిగామ, కంచికచర్ల వైపు ఆ రోడ్డు మీద పోయినవాళ్ళు చాలామందే. లారీ యజమాని తరఫు మనిషి ఒకడూ, ఊళ్ళో పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకడూ రావిచెట్టు కింద నులకమంచం వాల్చుకుని కూర్చునేవారు. లోపల ఆడవాళ్ళ ఏడుపు వినపడుతూనే ఉండేది. "జరిగిందేదో జరిగిపోయింది. కోర్టులూ కచేరీలూ అంటే మీరు తిరగలేరు. దహనం ఖర్చులకి ఇది ఉంచండి" అని అయిదొందలో వెయ్యో చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద పోయినవాడి తండ్రి చేతనో అన్న చేతనో వేలిముద్ర వేయించుకునేవారు. పెళ్ళాన్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ కాగితంలో తర్వాత ఏం రాసుకున్నారో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

నేను బందరులో ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేరిన కొత్తలో ఇలాంటి కాగితాలు చూసి చూసి కడుపు మండిపోయేది. ఆ జనాన్ని తిట్టి లాభం లేదు. "చచ్చినవాడి పేరు చెప్పి డబ్బు తింటామా బాబూ" అనేవారు. ఆ మాటలో అభిమానం ఉంది, నేను కాదనను. అయితే మా ప్లీడరుగారు వాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఒకటే చెప్పేవారు: "అమ్మా, మీ ఆయన ప్రాణానికి ఖరీదు కట్టమని కోర్టుని అడగటం లేదు. ఆయన బతికుంటే ఈ పిల్లలకి తెచ్చిపెట్టేది ఎంతో, అది అడుగుతున్నాం. అది ఆయన కష్టం. ఆయన కష్టం మీ పిల్లలకి రాకుండా లారీవాడి దగ్గర ఉండిపోతే, అదీ పాపం." నా సర్వీసంతా ఆ మాట పట్టుకునే గడిచింది.

కంది కంప కాస్త లోపలికి తోయరా, పొగ ఇటు కొడుతోంది.

ఈ హక్కు పాతదే. ఇంగ్లీషువాళ్ళ పాత చట్టంలో ఒక అన్యాయం ఉండేది. బండి గుద్దితే కాలు విరిగినవాడు దావా వెయ్యొచ్చు. అదే బండి గుద్ది వాడు చచ్చిపోతే, వాడితోపాటు దావా హక్కూ చచ్చిపోయేది. అంటే గుద్దేవాడికి మనిషి బతకటం కంటే చావటమే చౌక! రైళ్ళొచ్చి జనం చావటం ఎక్కువయ్యాక 1846లో అక్కడ చట్టం మార్చారు. దాన్ని చూసి మన దగ్గర 1855లో, సిపాయిల తిరుగుబాటుకి రెండేళ్ళ ముందు, ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్టు తెచ్చారు. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, వీళ్ళ కోసం దావా వెయ్యొచ్చని అందులో రాశారు. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. గోడ కూలి పోయినా, ఎవరో తవ్వి వదిలేసిన గోతిలో పడి పోయినా, వేరే ఏ ప్రత్యేక చట్టం కిందికీ రాకపోతే ఈ చట్టం కింద సివిలు కోర్టుకి పోవచ్చు. పోయిన రోజు నుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి.

కాగితం మీద హక్కుంది, నిజమే. చేతికి రావటానికి ఎంత కాలం పట్టేదో వినండి. తమిళదేశంలో పళని దారిలో 1947లో ఒక బస్సు ప్రమాదం. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 1961. పద్నాలుగేళ్ళంటే పాలు తాగే పిల్ల ఓణీ కట్టే వయసుకొస్తుంది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రివాడు, తర్వాత దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు. పోయినవాడి వల్ల ఇంటికి జరిగిన నష్టం పైసలతో సహా తేల్చటం ఎవరివల్లా కాదు, కొంత అంచనా, కొంత ఊహ తప్పదు, అంతమాత్రాన లెక్క కట్టకుండా వదిలెయ్యకూడదన్నది దాని సారాంశం. మా ఆఫీసులో ఆ తీర్పున్న పుస్తకం అట్ట ఊడిపోయేదాకా వాడాం.

మోటారు కేసులకి వేరే ట్రిబ్యునళ్ళు 1956 సవరణతో వచ్చాయి. జిల్లా జడ్జిగారే అక్కడ కూర్చునేవారు. మంచిపనే. కానీ గడువు అరవై రోజులు పెట్టారు! మొగుడు పోయిన ఆడది అరవై రోజుల్లో కోర్టుకెలా వస్తుందయ్యా? ఏడాది తిరిగేదాకా గడప దాటనివ్వని ఇళ్ళుండేవి ఆ రోజుల్లో. ఆవిడ బయటికొచ్చేసరికి చట్టం తలుపు మూసేసేది. 1969లో సవరించి ఆ గడువుని ఆరు నెలలు చేశారు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించేవారనుకోండి, కానీ దానికో పిటిషను, దాని మీద వాదన, వాయిదాలు.

అలా ఆలస్యంగా వచ్చినావిడ కేసొకటి నాకు బాగా గుర్తుంది. కంచికచర్ల పక్క ఊరు. మొగుడు కౌలుకి చేసుకుంటూ పాలు పోసేవాడు. తెల్లవారుజామున సైకిలుకి రెండు క్యాన్లు కట్టుకుని రోడ్డెక్కాడు, వెనకనుంచి లారీ. ఆవిడ మామగారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఎనిమిదో నెల నడుస్తోంది. ఊరిపెద్ద వేలిముద్ర వేయించుకున్న కాగితం అప్పటికే లారీవాడి దగ్గరుంది. ఎందుకాలస్యమైందమ్మా అని జడ్జిగారు అడిగితే ఆవిడ నేల చూపులు చూస్తూ నిలబడింది. మామగారే అందుకున్నాడు: "మేమే పంపలేదండి. ఏడాది తిరక్కుండా బయటికెళితే ఊరు ఊరుకోదండి." జడ్జిగారు ఆలస్యం మన్నించారు.

తర్వాత సంపాదన రుజువు. జీతగాడైతే ఆఫీసు కాగితం ఉంటుంది. ఈయనకేముంది? ఇంట్లో పాలలెక్క గోడ మీద బొగ్గుగీతలు. గోడని కోర్టుకెలా తెస్తాం? నేను వాళ్ళింటికెళ్ళి ట్రంకుపెట్టె తీయించాను. అడుగున గుడ్డలో చుట్టి పాలకేంద్రం పుస్తకం ఉంది. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, వెన్నశాతం ఎంత, పదిహేను రోజులకి ఎంత ముట్టింది, అన్నీ గళ్ళలో ఊదారంగు సిరాతో ఉన్నాయి. కేంద్రం గుమాస్తా పొట్టి సంతకం పక్కన ఈయన వేలిముద్ర. రెండేళ్ళ లెక్క, ఒక్క పూట తప్పలేదు. ఆ పుస్తకాన్ని ప్లీడరుగారి ముందు పెట్టగానే ఆయన "ఇది చాలయ్యా" అన్నారు.

ఇన్సూరెన్సు తరఫు వకీలు క్రాసు మొదలెట్టాడు. తెలివైనవాడే. "గేదెలు ఇప్పటికీ మీ ఇంట్లో ఉన్నాయా?" అన్నాడు. "ఉన్నాయండి." "పాలిస్తున్నాయా?" "ఇస్తున్నాయండి." "మరి మీ ఆయన పోతే నీకు నష్టమేమొచ్చింది?" కోర్టుహాలంతా నిశ్శబ్దం. అప్పటిదాకా నోరు విప్పడానికి భయపడిన మనిషి తలెత్తి, "గేదెలున్నాయి బాబూ. తెల్లారుజామున లేచి గడ్డి కోసుకొచ్చే మనిషేడీ? రెండు అమ్మేశాం, ఉన్న రెంటికీ నేనూ మా మామా చాలటం లేదు" అంది. జడ్జిగారు కలం ఆపి ఆవిడవంక చూసి, అంతా రాసుకున్నారు. తీర్పులో ఆ మాటనే పట్టుకున్నారు. గొడ్డూ గోదా, పొలమూ మిగిలి ఉన్నా, వాటిని నడిపిన మనిషి రెక్కల కష్టం పోయింది, దానికి లెక్క కట్టాలి అని. ఊరిపెద్ద కాగితం పనికిరాదన్నారు, ఎందుకంటే మైనరు పిల్లల హక్కుని తాత వేలిముద్రతో ఊరికే రాసిచ్చేయటానికి లేదు.

ఇప్పుడు లెక్క కట్టే పద్ధతి స్థిరపడింది. నేను రిటైరయ్యాక వచ్చిన తీర్పులైనా మా ప్లీడరుగారబ్బాయి దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, ఏ కోర్టులోనైనా ఇవే వినపడతాయి. ఒక లెక్క చెబుతా. ముప్పై రెండేళ్ళ మనిషి, సొంతంగా ఆటో నడిపి నెలకి 15 వేలు సంపాదిస్తున్నాడనుకోండి. నలభై లోపువాడు కాబట్టి ముందుముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలుపుతారు. అదే పర్మినెంటు ఉద్యోగమైతే 50 శాతం. ఇతనికి 21 వేలయింది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, నలుగురు ఆధారపడి ఉన్నారు గనక వాడి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 15,750. ఏడాదికి 1,89,000. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు మధ్య వయసుకి 16తో హెచ్చవేస్తారు. 30,24,000. దీని మీద దహనం ఖర్చు, భార్యకీ పిల్లలకీ తల్లికీ తోడు పోయినందుకు కొంత, వడ్డీ వేరే. ఇప్పుడు చెప్పండి, చెట్టు కింద లక్ష రూపాయలకి సంతకం పెట్టినవాడు ఆ పిల్లల నోటిదగ్గరిది ఎంత తీసేసినట్టు?

పోయింది ఆడమనిషైతే? దీని గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. "ఆవిడ ఇంట్లోనే ఉండేది, సంపాదనేం లేదు" అని మొగుడే కోర్టులో చెప్పేవాడు, అలా చెప్పటం మర్యాద అనుకుని. దాంతో ఏ రెండు మూడు వేలో చేతిలో పెట్టేవారు. నాలుగింటికి లేచి, పేడకళ్ళు ఎత్తి, వంట చేసి, నాట్లకెళ్ళి, సాయంత్రం మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి సంపాదన లేదట! 1989లో జంషెడ్‌పూరులో అగ్నిప్రమాదం జరిగి చాలామంది ఆడవాళ్ళూ పిల్లలూ పోయారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఇల్లాళ్ళ పనికి నెలకి 3 వేలని లెక్క కట్టింది. అది చాలదు, కానీ పనికి విలువుందని ఒప్పుకుంది కదా. ఆపైన 2021లో కీర్తి అనే కేసులో మన కృష్ణాజిల్లావారు, జస్టిస్ ఎన్.వి. రమణగారు, ఇల్లాలి పని గురించి విడిగా ఒక అభిప్రాయమే రాశారు. ఇల్లాలి చాకిరీకి డబ్బు లెక్క కట్టటం దయ కాదు, రాజ్యాంగం చెప్పే సమానత్వంలో భాగమే అన్న అర్థంలో. ఆ తీర్పు నాకు చదివి వినిపించినప్పుడు మీ మామ్మ పక్కనే ఉంది. రెండోసారి చదవమంది.

డ్రైవరు మీద పోలీసు కేసు కొట్టేశారు, ఇంక మనకేమీ రాదు అని చాలామంది ఇంటికెళ్ళిపోతారు. అది పెద్ద పొరపాటు. క్రిమినలు కేసు దారి వేరు, క్లెయిము దారి వేరు. క్రిమినలు కోర్టులో అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి, సాక్షి ఒకడు మాట మారిస్తే పోయింది. ట్రిబ్యునల్లో ఎవరి నిర్లక్ష్యమై ఉండొచ్చో ఎక్కువ మొగ్గు ఎటుందో చూస్తారు. డ్రైవరు నిర్దోషిగా బయటపడినా ఇన్సూరెన్సు సొమ్ము ఆగదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యంతో చంపితే రెండేళ్ళ దాకా జైలు. 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని అయిదేళ్ళ దాకా పెంచారు. శిక్ష పడాలని కోరుకోండి, తప్పులేదు. శిక్షతో పిల్లల ఫీజు కట్టలేం కదా, అందుకే రెండూ నడపాలి.

సర్కారు నిర్లక్ష్యం వల్ల పోతే? గవర్నమెంటు మీద కేసు నిలబడదని మా చిన్నప్పుడు అందరూ అనేవారు, వకీళ్ళు కూడా. దాన్ని మార్చినవాటిలో మన కర్నూలు జిల్లా కేసుంది. 1977 మే నెల. కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఒక తండ్రినీ కొడుకునీ రిమాండులో పెట్టారు. మా ప్రాణాలకి ముప్పుంది, కాపలా పెంచండని తండ్రి ముందే మొరపెట్టుకున్నాడు. అయిదో తారీఖు రాత్రి, తెల్లవారితే ఆరు, మూడున్నర ప్రాంతంలో కొందరు జైల్లోకి చొరబడి వాళ్ళున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చల్లా చిన్నపురెడ్డి పోయాడు, కొడుకు రామకృష్ణారెడ్డికి గాయాలయ్యాయి. ఆ కొడుకూ అన్నదమ్ములూ తల్లీ కలిసి పది లక్షలకి దావా వేశారు. కింది కోర్టు పోలీసుల నిర్లక్ష్యం ఉందంటూనే గడువు దాటిందని కొట్టేసింది. హైకోర్టు ఒప్పుకోలేదు. తాళం వేసి ఉంచిన మనిషి ప్రాణానికి తాళంచెవి ఉన్నవాడే జవాబుదారీ అన్న పద్ధతిలో చూసి, 1,44,000 వడ్డీతో ఇమ్మంది. 2000 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఖైదీ అయినంత మాత్రాన బతికే హక్కు పోదంది, రాజు తప్పు చేయడనే పాతకాలపు వాదన ఇక్కడ చెల్లదంది. ఇరవై మూడేళ్ళు పట్టింది. కానీ ఆ తీర్పు వల్ల స్టేషన్లో, జైల్లో పోయినవాళ్ళ కుటుంబాలకి ఇప్పుడు నేరుగా హైకోర్టు మెట్లెక్కే ధైర్యం వచ్చింది. అంతకుముందు 1993లో ఒరిస్సాలో కొడుకుని పోగొట్టుకున్న నీలాబతి బెహరా అనే తల్లి రాసిన ఒక్క ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకుని లక్షన్నర ఇప్పించింది.

ఆస్పత్రి సంగతి కూడా అడిగారు కదా. డాక్టరు మీద కక్షతో పోకూడదు, వైద్యం చేసినా మనుషులు పోతారు. కానీ చెయ్యాల్సిన పరీక్ష చెయ్యకపోతే అది వేరు. హైదరాబాదులో మలేరియా శాఖలోనే పనిచేసే ఒకాయన 2002లో భార్యకి జ్వరమొస్తే ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాడు. టైఫాయిడ్ అని మందులిచ్చారు, మలేరియా సంగతి పట్టించుకోలేదు. ఆవిడ పోయింది. జిల్లా వినియోగదారుల ఫోరం ఆయనకి రెండు లక్షలిమ్మంది. పైవాళ్ళు, నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదు కదా అని కొట్టేశారు. 2010లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. తప్పు కళ్ళకి కనపడుతుంటే ప్రతి కేసుకీ నిపుణుడు అక్కర్లేదంది. డబ్బిచ్చి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నుంచి ఉంది. రెండేళ్ళ గడువు. ముందు కేసు షీటు నకలు అడిగి తెచ్చుకోండి, అది చేతిలో లేకపోతే ఏ వకీలూ ఏమీ చెప్పలేడు.

రైల్లోంచి జారిపడి పోతే సికింద్రాబాదులోనో గుంటూరులోనో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్, 8 లక్షలు, ఏడాది లోపు. టికెట్టు దొరక్కపోయినా నిరాశపడక్కర్లేదు, ప్రయాణం చేశాడని చుట్టుపక్కల ఆధారాలు చూపించొచ్చు. తెగిపడ్డ కరెంటు తీగ తగిలి పోతే, తీగ తెగటంలో మా తప్పు లేదని కరెంటువాళ్ళు తప్పించుకోలేరు. అంత ప్రమాదకరమైనది ఊళ్ళ మీదుగా నడిపేవాళ్ళే బాధ్యులని 2002లో సుప్రీంకోర్టు ఒక మధ్యప్రదేశ్ కేసులో తేల్చింది. గుద్దినవాడెవడో తెలియకపోతే 2 లక్షలుంది, ఆర్డీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి.

మోటారు కేసుల్లో ఇప్పుడున్న చట్టంలో ఒక మెలిక ఉంది, చెవిన వేసుకోండి. ఎవరి తప్పో తేల్చకుండా 5 లక్షలిచ్చే సెక్షనొకటి 2022 నుంచి అమల్లో ఉంది. ఇన్సూరెన్సువాళ్ళు త్వరగా ఇస్తామని దాన్ని చూపిస్తారు. అది తీసుకుంటే, ఇందాక చెప్పిన ముప్పై లక్షల లెక్క పోతుంది. కుర్రవాడు, సంపాదనపరుడు పోతే, తొందరపడి దాని మీద సంతకం పెట్టొద్దు. గడువు కూడా మళ్ళీ వచ్చింది. 1994లో తీసేశారు, 2022 ఏప్రిల్ నుంచి మళ్ళీ ఆరు నెలలు. దాటిందని ఎవరైనా చెప్పినా ఇంట్లో కూర్చోకుండా వకీలుని అడగండి. ఒక మేలు మాత్రం మిగిలింది. ప్రమాదం ఎక్కడ జరిగినా మనముండే ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. మా రోజుల్లో నాగపూరు దగ్గర లారీ క్లీనరు పోతే పెళ్ళాం పిల్లలు నాగపూరే పోవాల్సొచ్చేది. భాష రాదు, తిండి లేదు, రెండు వాయిదాలకే వదిలేసేవారు.

ట్రాక్టరు ట్రాలీలో కూలికెళ్ళి పోయినవాళ్ళదే నాకు దిగులు. సరుకుబండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి ఇన్సూరెన్సు వర్తించదంటారు, కోర్టులూ చాలాసార్లు ఒప్పుకున్నాయి. అప్పుడు యజమాని ఒక్కడే మిగులుతాడు, వాడి దగ్గరేముంటుంది, అదే ట్రాక్టరు. మిర్చికోతలకి పిల్లల్ని అలా ఎక్కించి పంపుతున్నారు, చెబితే వినరు.

డబ్బొచ్చాక ఇంకో గండం. చదువురాని ఆడవాళ్ళ చేతిలో చెక్కు పెడితే మరుదులూ బావగార్లూ, అప్పులోళ్ళూ రెండు రోజుల్లో ఊడ్చేస్తారని కోర్టులు కనిపెట్టి, సగం పైన బ్యాంకులో ఫిక్సుడు డిపాజిట్టు చేయిస్తున్నాయి. పిల్లల వాటా మేజరయ్యేదాకా ఉంటుంది, వడ్డీ తల్లికొస్తుంది. ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుందని వాటా తీసెయ్యమని అత్తింటివాళ్ళు పిటిషన్లేస్తారు. అలా తీసెయ్యటానికి వీల్లేదు. వచ్చేదాంట్లో నాకింత వాటా అని మాట్లాడే వకీలు దగ్గరికి పోవద్దు, బార్ కౌన్సిలు నిబంధనలే దానికి ఒప్పుకోవు. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ వకీలుని ఉచితంగా ఇవ్వటానికి ప్రతి కోర్టు ఆవరణలోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోను చేసినా పలుకుతారు. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్ళండి, కానీ ఇందాకటి లెక్క ఇంట్లో వేసుకుని వెళ్ళండి. అక్కడ ఒప్పుకున్నదాని మీద అప్పీలు లేదు.

ఏరా, ఇందాకట్నుంచీ మాట్లాడకుండా కూర్చున్నావు. మీ బావ సంగతేగా? హైదరాబాదులో అపార్టుమెంటు సెంట్రింగు మీదనుంచి పడిపోయాడు, మేస్త్రీ రెండు లక్షలు తెస్తానన్నాడు, స్టాంపుకాగితం రాయించుకుని వస్తున్నాడని మీ అక్క మీ మామ్మతో చెప్పిందట. విను. పనిలో పోయినవాడికి 1923 నుంచి చట్టముంది, ఇప్పుడు దాన్ని సామాజిక భద్రత కోడులో కలిపారు. ఎవరి తప్పని అడగరు, పనిలో పోయాడా లేదా అంతే. నెల జీతంలో సగాన్ని వయసుకో అంకెతో హెచ్చవేస్తారు. ముప్పై ఏళ్ళవాడికి ఆ పట్టీలో అంకె 207.98. నెలకి 15 వేల మీద కడితే పదిహేను లక్షల 59 వేల పైచిలుకు. మేస్త్రీ దగ్గర లేకపోతే అపార్టుమెంటు కట్టించేవాడు ఇవ్వాలి, పని వాడిదే కాబట్టి. ఇంకొకటి, ఇది ముఖ్యం. చావు కేసులో యజమాని నష్టపరిహారం నేరుగా ఇంటివాళ్ళ చేతికివ్వటానికి లేదు. లేబరు ఆఫీసులో కమిషనరు దగ్గర జమచెయ్యాలి. చేతికిచ్చింది నష్టపరిహారం కింద లెక్కేకాదు. ఇంకేమీ అడగమని రాయించుకున్న కాగితం కూడా చెల్లదు. చెట్టు కింద బేరాలు చూసి విసిగినవాళ్ళెవరో రాసి ఉంటారు ఆ సెక్షను.

కాబట్టి రేపు పొద్దున మీ అక్కకి ఫోను చెయ్యి. ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దని చెప్పు. ఎఫ్‌ఐఆర్ నకలు, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు స్టేషన్లో అడిగి తీసుకోమను. పనిలో ఉన్నట్టు సెల్‌ఫోనులో ఫోటోలు, మేస్త్రీ వారం వారం డబ్బు పంపిన మెసేజీలు ఉంటాయి, అవి తుడిచెయ్యకుండా ఎవరి దగ్గరైనా ఇంకో నకలు పెట్టించు. వాడితో పాటు పనిచేసిన వాళ్ళ ఫోను నంబర్లు రాయించు, సైటు మారితే వాళ్ళు దొరకరు. మీ మేనల్లుడి పుట్టిన సర్టిఫికెట్టు పంచాయితీ ఆఫీసులో ఉందో లేదో నువ్వు చూడు. మిగతావి నేను మా ప్లీడరుగారబ్బాయితో మాట్లాడతాను.